మూడో అంకానికి దోషి కావలెను

మాట ఉన్న చోట జనం నవ్వితే అది హాస్యం. మాట లేని చోట నవ్వితే అది సంఘటన. సంఘటన జరిగాక నివేదిక ఉండాలి, నివేదికలో బాధ్యుడి పేరు ఉండాలి. మా దేశపు నాటకకళ ఈ పునాది మీదే నిలబడి ఉంది.

ఆ జనవరి ఆదివారం బుర్యాన్‌స్క్ నగర నాటకశాలలో పగటి ఆట సగం అయ్యేసరికి సంఘటన జరిగిపోయింది.

రెండో అంకం చివర ముసలి నటుడు పొర్ఫీరీ ఇగ్నాత్యెవిచ్ వేదిక అంచుదాకా వచ్చి, "మన ఇళ్లకు రావాల్సిన వేడిని ఎత్తుకుపోతున్నది ఎవరో నాకు తెలిసిపోయింది. అతను..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోటితోనే మొదటి వరుస వైపు చూశాడు. మెల్లగా మూసుకున్నాడు. తెర పడింది.

అంతే జరిగింది. అక్కడ మాటేమీ లేదు. ఉన్న ఒక్క మాటనూ పరిశీలక సంఘం శుక్రవారమే కొట్టేసింది. అయినా హాల్లో ఉన్న ఎనిమిది వందల మందీ ఒక్కసారిగా నవ్వారు. బాల్కనీలో ఒకావిడ నవ్వి నవ్వి ఏడ్చేసింది. సబ్బుల ఫ్యాక్టరీ గుమాస్తా ఒకడు కుర్చీలోంచి జారి కిందపడి, అక్కడే ఉండి నవ్వాడు (లేవాల్సిన అవసరం కనిపించలేదట). నవ్వు తగ్గిందనుకునేలోపు ఎవరో ఒకరు నోరు తెరిచి, మొదటి వరుస వైపు చూసి, మూసుకునేవారు. మళ్లీ మొదలయ్యేది.

మొదటి వరుస మధ్య కుర్చీలో నగర కమిటీ రెండో కార్యదర్శి కుజ్మా యెవ్లంపియెవిచ్ బొరొడాయెవ్ కూర్చుని ఉన్నాడు. అందరితోపాటు ఆయన కూడా నవ్వాడు. అసలు ప్రమాదం అదే.

నాటకం పేరు 'గోరువెచ్చన'. రాసినవాడు వెనెడిక్ట్ సిసోయెవిచ్ ప్ర్యాఖిన్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబుతో ఉండే మనిషి. సబ్బుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి రెండేళ్లు కూర్చుని మూడంకాల హాస్య నాటకం రాశాడు. కథ సులువు. ఒక భవనంలో నడి చలికాలంలో గదులు వేడిచేసే గొట్టాలు చల్లబడిపోతాయి. ఒక ముసలి అపరాధ పరిశోధకుడు వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తాడు. మూడో అంకంలో అందర్నీ మెట్ల దగ్గర నిలబెట్టి దొంగ పేరు చెబుతాడు. ప్రేక్షకులు నవ్వుకుంటూ ఇంటికి వెళ్లి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు.

మా ఊళ్లో వ్యంగ్యానికి అనుమతి ఉంది. అనుమతే కాదు, ప్రోత్సాహం కూడా ఉంది. కాకపోతే వంతెన కింద లారీలకు ఉన్నట్టు ఎత్తు పరిమితి ఉంది. ప్ర్యాఖిన్ మొదటి ప్రతిలో దొంగ నగర ఉష్ణ సరఫరా సంస్థ అధిపతి. పరిమితి దాటిందన్నారు. ఉపాధిపతిని చేశాడు. ఉపాధిపతి భార్య, పరిశీలక సంఘం అధ్యక్షుడి భార్య ఒకే బృందగానంలో పాడతారు. భవన నిర్వాహకుణ్ని చేశాడు. అది సరిగ్గా పరిమితి ఎత్తే. కానీ గత రెండేళ్లుగా ప్రతి హాస్య నాటకంలోనూ దొంగ భవన నిర్వాహకుడే కావడంతో, ఈ పంచవర్ష ప్రణాళికలో తమ వంతు విమర్శను తాము గడువుకు ముందే పూర్తిచేశామని వాళ్ల శాఖ లిఖితపూర్వకంగా తెలియజేసింది. (అందుకు వాళ్లకు జెండా కూడా ఇచ్చారు.)

శుక్రవారం నాడు సంఘం అధ్యక్షుడు రొస్తిస్లావ్ దెనీసొవిచ్ షుమిలిన్ ఎర్ర పెన్సిల్‌తో ఆ పదాన్నే కొట్టేశాడు. "మాట లేకపోతే ఎవరికీ తగలదు," అన్నాడు. నాలుగు దశాబ్దాల ఉద్యోగ జీవితంలో ఆయన చేసిన ఏకైక పొరపాటు ఇదే.

ఎందుకంటే దొంగ ఎవరో ఊరందరికీ తెలుసు. ఊరికి వేడి పంపే బాయిలర్ల నుంచి ఒక గొట్టం రెండు వీధుల కింద నుంచి, నది దాటి, బొరొడాయెవ్ వేసవి ఇంటి వెనకున్న అద్దాల షెడ్డులోకి పోతుంది. అక్కడ జనవరిలో కీర దోసకాయలు కాస్తాయి. ఆ గొట్టం నగర పటంలో లేదు. కానీ అది పోయినంత మేరా నేల మీద మంచు నిలవదు. ఊళ్లోని పిల్లులన్నీ చలికాలమంతా ఆ గీత మీదే బారుగా పడుకుంటాయి. (పిల్లులకు పటం చూపించి ఉండాల్సింది.)

*

విరామం ఇరవై నిమిషాలు. నాటకశాల డైరెక్టర్ ఎలియనోరా పావ్లోవ్నా గుసాకోవా నాలుక కింద గుండె మాత్ర పెట్టుకుని తన గది తలుపు వేసింది. లోపల ఆమె, షుమిలిన్, ప్ర్యాఖిన్.

"ఏం రాశావయ్యా అక్కడ?" అన్నాడు షుమిలిన్.

"నేనేం రాయలేదు. మీరు కొట్టేశారు."

"కొట్టేసిన చోట నవ్వుతారా ఎవరైనా? ఏదో పెట్టి ఉంటావు. పొర్ఫీరీ మొదటి వరుస వైపు ఎందుకు చూశాడు?"

"ఇంకెటు చూస్తాడు? ముందున్నది మొదటి వరుసే కదా."

గుసాకోవా మాత్ర చప్పరిస్తూ అంది. "రొస్తిస్లావ్ దెనీసొవిచ్, ఇప్పుడు ఎవరు ఎటు చూశారన్నది కాదు. మూడో అంకంలో పొర్ఫీరీ ఇంకో ఏడుసార్లు నోరు తెరవాలి. ఏడుసార్లూ మూసుకుంటే హాలు కూలిపోతుంది."

అప్పుడు తలుపు తెరుచుకుంది. తట్టకుండా తెరిచేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

బొరొడాయెవ్ లోపలికి వచ్చి, రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన వెంట గదిలోకి తాజా కీర దోసకాయ వాసన వచ్చింది. భార్య ఇంటర్వెల్‌లో తినమని చెక్కుతీసి ఇచ్చిందేమో. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"బాగా నవ్వించారు కామ్రేడ్స్. నేను చాలా రోజులకు నవ్వాను. చుట్టూ అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను." నవ్వు తగ్గింది. "ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తుంటే ఒక చిన్న ప్రశ్న వచ్చింది. నేను ఎవర్ని చూసి నవ్వాను?"

షుమిలిన్ ఎర్ర పెన్సిల్‌ని జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు.

"నా భార్య అడిగింది. చెప్పలేకపోయాను. రెండో కార్యదర్శి బహిరంగంగా నవ్వి, ఎవర్ని చూసి నవ్వాడో తెలియకపోతే బాగుంటుందా? మూడో అంకంలో నాకు తెలియాలి." లేచి, ప్ర్యాఖిన్ భుజం తట్టాడు. "ప్రతిభ ఉంది బాబూ నీలో. జలుబుకి వెల్లుల్లి తిను."

తలుపు మూసుకుంది. గుసాకోవా రెండో మాత్ర వేసుకుంది.

*

ఇరవై నిమిషాలు అయిపోయాయి. నియమం ప్రకారం గంట మూడుసార్లు కొట్టి ఆట మొదలుపెట్టాలి. గుసాకోవా మొదటి గంటనే మళ్లీ మళ్లీ కొట్టించింది. రెండో గంట కొట్టనంతవరకు చట్టం దృష్టిలో విరామం నడుస్తున్నట్టే.

హాల్లో చలి. గొట్టాలు ఊళ్లో ఎలా ఉన్నాయో నాటకశాలలోనూ అలాగే ఉన్నాయి. జనం కోట్ల గది ముందు గుమిగూడారు. కోట్లు అప్పజెప్పకుండా లోపలికి రానివ్వరు, ఆట అయ్యేదాకా తిరిగి ఇవ్వరు. ఆ గదికి అధిపతి గ్లాషా పిన్ని. ఉన్ని శాలువా మీద ఉన్ని శాలువా చుట్టుకుని, బల్ల వెనక స్టూలు మీద కూర్చుని ఉంది.

"పిన్నీ, కోటు ఇవ్వవే, వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

"కళని కోటేసుకుని చూస్తావా? సిగ్గులేదూ? చప్పట్లు కొట్టు, వేడి పుడుతుంది."

"దుర్భిణి అద్దెకి తీసుకున్నవాళ్లకి కోటు ముందు ఇవ్వాలని నియమం కదా, నేను తీసుకున్నాను!"

"ముందంటే అందరికంటే ముందు. ఆట అయిపోవడం కంటే ముందు కాదు."

వెనక నుంచి ఒకడు అరిచాడు. "ఇంతకీ దొంగెవరో నీకు తెలుసా పిన్నీ?"

గ్లాషా పిన్ని శాలువా బిగించుకుంది. "తెలియకపోవడానికేముందిరా? బయటికెళ్లి పిల్లుల వెంట నడు. అవే చూపిస్తాయి."

మళ్లీ నవ్వు లేచింది. డైరెక్టర్ గది తలుపు సందులోంచి అది విని షుమిలిన్ కణతలు నొక్కుకున్నాడు.

*

లోపల వేట మొదలైంది.

"బాయిలర్ స్టోకర్‌ని చేద్దామా?" అంది గుసాకోవా. "బొగ్గు సరిగ్గా వెయ్యలేదని."

"కార్మికుడు! కార్మికుడు దొంగయితే మనం ఏ రాజ్యంలో ఉన్నట్టు?"

"విదేశీ గూఢచారి?"

"దానికి వేరే కార్యాలయం అనుమతి కావాలి. ఆదివారం మూసి ఉంటుంది."

"చలికాలాన్నే దోషిగా చేస్తే? ప్రకృతి కదా, ఏమీ అనదు."

షుమిలిన్ ఆశగా తలెత్తాడు. వెంటనే దించేశాడు. "వాతావరణ కేంద్రం వాళ్లు ఒప్పుకోరు. ఈ ఏడు చలి ప్రణాళిక ప్రకారమే పడిందని వాళ్ల నివేదిక. ఇంకో మాట కూడా ఉంది, ఎలియనోరా పావ్లోవ్నా. ఎవర్ని విమర్శించినా నెలలోపు చర్య తీసుకుని పత్రికలో ప్రకటించాలి. చలికాలం మీద ఏం చర్య తీసుకుంటాం?"

ఆమె గొంతు తగ్గించింది. "పోనీ ప్లంబర్. జోసిమా. పొద్దున్నే తాగుతాడు, చుట్టం పక్కం లేరు, ఏ శాఖలోనూ పెద్దవాడు కాదు. గొట్టం అతనే తప్పుగా బిగించాడని చెబితే..."

షుమిలిన్ ముఖం తెల్లబోయింది. "మీకు మతిపోయిందా? జోసిమానా? శుక్రవారం నుంచి మా స్నానాల గది అతని కోసం ఎదురుచూస్తోంది. మీ ఇంట్లో కుళాయి ఎవరు బాగుచేశారు?"

"జోసిమా," అని ఒప్పుకుంది.

"కుజ్మా యెవ్లంపియెవిచ్ ఇంట్లో?"

"జోసిమా."

"కార్యదర్శి పోతే సోమవారానికి ఇంకో కార్యదర్శి వస్తాడు. జోసిమా అలిగితే ఈ ఊరు వసంతం దాకా బతకదు. అతని పేరు ఈ గదిలో మళ్లీ ఎత్తకండి."

మొదటి గంట మళ్లీ మోగింది. హాల్లోంచి కాళ్లు తాటించే చప్పుడు వినిపిస్తోంది. షుమిలిన్ గది చుట్టూ తిరిగాడు. ఊళ్లో ప్రతి మనిషీ ఎవరికో ఒకరికి కావలసినవాడే. ఒకరి చేతిలో మాంసం ఉంది, ఇంకొకరి చేతిలో రైలు టికెట్లున్నాయి, మరొకరి మరదలు దంతవైద్యురాలు. ఎవరికీ అక్కర్లేని మనిషి ఒక్కడు దొరికితే చాలు.

ఆయన కిటికీ దగ్గర ఆగాడు. కిటికీ పక్కన ప్ర్యాఖిన్ ముక్కు తుడుచుకుంటున్నాడు.

"వెనెడిక్ట్ సిసోయెవిచ్," అన్నాడు షుమిలిన్ చాలా మృదువుగా. "మీకు శాఖ ఏదైనా ఉందా?"

"లేదు."

"రచయితల సంఘంలో ఉన్నారా?"

"నాటకం ఆడాక రమ్మన్నారు."

"భార్య?"

"వాళ్ల అమ్మగారింటికి వెళ్లింది. ఇంట్లో చలి ఎక్కువని."

"మీరు రేపటి నుంచి కనిపించకపోతే ఎవరి పనైనా ఆగుతుందా? తొందరపడకండి. ఆలోచించి చెప్పండి."

ప్ర్యాఖిన్ నిజాయితీగా ఆలోచించాడు. "ఆగదు," అన్నాడు.

"బంగారం లాంటి మనిషివయ్యా!" షుమిలిన్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "పొగ తాగుతావా?"

"తాగుతాను."

"తాగేటప్పుడు?"

"కిటికీ చిన్న రెక్క తీస్తాను. పొగ పోవాలి కదా..." చెబుతూనే అతనికి అర్థమైంది. చేతులు వెనక్కి లాక్కున్నాడు. "లేదు. లేదు రొస్తిస్లావ్ దెనీసొవిచ్. ఊరి వేడంతా నా కిటికీలోంచి పోయిందంటారా? ఎవడు నమ్ముతాడు? చిన్న పిల్లాడు కూడా నమ్మడు."

"బాగా రాస్తే నమ్ముతారు," అంది గుసాకోవా.

"నేను రాయను. నాటకం ఆపేయండి."

"ఆపేస్తే?" ఆమె గోడలో హాలు వైపున్న చిన్న అద్దం మీది తెర పక్కకి జరిపి లోపలికి చూపించింది. పద్నాలుగో వరుసలో వీధి పోలీసు అధికారి కెప్టెన్ గ్నెదిచ్ భార్యతో కూర్చుని, ఆమె చేతుల మీద ఊదుతున్నాడు. "రేపటితో మీ గడువు అయిపోతుంది కదా?"

అది నిజమే. మా చట్టంలో పని చేయనివాడు పరాన్నభుక్కు. రెండేళ్లుగా ఏం చేస్తున్నావని కెప్టెన్ అడిగితే నాటకం రాస్తున్నానని ప్ర్యాఖిన్ చెప్పాడు. కెప్టెన్ మంచివాడు. నాటకం ఆడితే నువ్వు రచయితవి, ఆడకపోతే ఉత్తర అడవుల్లో దుంగలు మోసే పరాన్నభుక్కువి అని చెప్పి, సోమవారం దాకా గడువిచ్చాడు. తన సొంత టికెట్టుతో చూడ్డానికి కూడా వచ్చాడు.

ప్ర్యాఖిన్ ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని పెన్ను తీసుకున్నాడు.

ఇక్కడే అతని కొంప మునిగింది. చెత్తగా రాసి ఉంటే సరిపోయేది. ఎవరూ నమ్మేవాళ్లు కాదు, కెప్టెన్ లెక్కలో నాటకం ఆడినట్టయ్యేది, కథ ముగిసేది. కానీ అతనికి చెత్తగా రాయడం చేతకాదు. మొదటి రెండు వాక్యాలు కోపంగా రాశాడు. మూడో వాక్యం దగ్గర ఆగి, నాలుక కొసతో పెదవి తడుపుకుని, ఒక మాట కొట్టేసి ఇంకో మంచి మాట వేశాడు. షుమిలిన్ అది చూసి గుసాకోవాకి సైగ చేశాడు. రెండో గంట మోగింది.

"ఒక్క సంగతి," అన్నాడు షుమిలిన్ కాగితం అందుకుంటూ. "ఇంటిపేరు వేదిక మీద పలకకూడదు. ఇంటిపేరుతో విమర్శకు విడిగా అనుమతి ఉండాలి. వృత్తి చెబితే చాలు. జనమే అర్థం చేసుకుంటారు."

*

మూడో అంకంలో పొర్ఫీరీ ఇగ్నాత్యెవిచ్ ఆరుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. ఆరుసార్లూ హాలు దద్దరిల్లింది. ఏడోసారి మాట్లాడాడు.

నాలుగో అంతస్తులో ఉంటాడు ఆ మనిషి, అన్నాడు. నాటకాలు రాస్తాడు. మీరూ నేనూ కిటికీ సందుల్లో దూది కుక్కి, పాత చొక్కాలు చించి అంటించుకుంటుంటే, అతను మాత్రం కిటికీ తీసి పెట్టుకుంటాడు. ఎందుకో తెలుసా? కింద వీధిలో మీరేం మాట్లాడుకుంటున్నారో వినడానికి. మీ మాట లోపలికి వెళుతుంది, మీ వేడి బయటికి వెళుతుంది. మీ పిల్లలు దగ్గుతుంటే అతను ఆ దగ్గును కూడా కాగితం మీద రాసుకుంటాడు. రాత్రి మీరు దుప్పటి కింద ముడుచుకున్నప్పుడు చెవి పెట్టి వినండి. ఎక్కడో ఒక కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. అదే.

అద్భుతమైన ప్రసంగం. వేదిక పక్కన నిలబడి వింటున్న ప్ర్యాఖిన్‌కే ఒళ్లు జలదరించింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. బాల్కనీ జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదటి వరుసలో బొరొడాయెవ్ హాయిగా, గుండె నిండా, ఎవర్ని చూసి నవ్వుతున్నాడో తెలిసిన మనిషి నవ్వే నవ్వు నవ్వాడు. రెండో వరుసలో ఉష్ణ సరఫరా అధిపతి నవ్వాడు. ఉపాధిపతి నవ్వాడు. భవన నిర్వాహకులు వరుసంతా నవ్వారు. వెనకవాళ్లు కాళ్లు తాటించారు. (షుమిలిన్ దాన్ని 'ఉరుముల్లాంటి హర్షధ్వానం'గా నమోదు చేశాడు. పాదాలు గడ్డకట్టినప్పుడు కూడా జనం అలాగే తాటిస్తారన్నది నివేదికకు అవసరం లేని విషయం.)

రచయితను వేదిక మీదికి పిలిచారు. వచ్చి నమస్కరించాడు, తుమ్మాడు. కెప్టెన్ గ్నెదిచ్ వేదిక వెనక్కి వచ్చి మనస్ఫూర్తిగా చెయ్యి కలిపాడు.

"నేను ముందే చెప్పాను నా భార్యకి, ఈయన నిజంగానే రాస్తాడే అని. అభినందనలు వెనెడిక్ట్ సిసోయెవిచ్. మీరు రచయితే. పరాన్నభుక్కు కేసు ఈ క్షణమే మూసేస్తున్నాను."

సోమవారం పొద్దున్న మళ్లీ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, ఇబ్బందిగా గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్న మిమ్మల్ని రచయిత అని నేనే ఒప్పుకున్నాను కదా," అన్నాడు. "నాటకంలో దోషి రచయిత అని తేలింది. విమర్శ జరిగింది. చర్య ఉండాలి. నన్నేం చెయ్యమంటారు? మీరే అలా రాశారు."

చర్యలు రెండు తీసుకున్నారు. ప్ర్యాఖిన్ కిటికీకి పలకలు అడ్డంగా పెట్టి మేకులు కొట్టారు (జోసిమా కొట్టాడు, బాధపడుతూనే). ప్ర్యాఖిన్‌ని జీవితాన్ని అధ్యయనం చేయడానికి ఉత్తర అడవుల్లో దుంగల డిపోకి పంపారు. పరాన్నభుక్కుగా కాదు. రచయితగా. దుంగలు మాత్రం అవే.

*

'గోరువెచ్చన' ఆ చలికాలమంతా ఆడింది. ఫ్యాక్టరీల్లో, బడుల్లో కార్మిక సంఘాలు టికెట్లు పంచాయి. సాసేజ్ కావాలంటే టికెట్టు కూడా తీసుకోవాలన్నారు. అలా సాసేజ్ తినేవాళ్లందరూ నాటకం చూశారు.

మొదటి వారం బాల్కనీ మౌనంగా ఉంది. రెండో వారం ఎవరో నవ్వారు. నెల తిరిగేసరికి ఆ ప్రసంగం దగ్గర ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం, మగవాళ్లు "వాణ్ని నా చేతికి ఇవ్వండి" అని అరవడం మొదలైంది. పొర్ఫీరీ ఇగ్నాత్యెవిచ్‌కి బిరుదు వచ్చింది. రాత్రిపూట జనం పడుకుని చెవులు రిక్కించి వినేవారు. పాత ఊళ్లో ఎక్కడో ఒక కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఎలా ఉంటుంది?

గొట్టాలు మాత్రం వేడెక్కలేదు. అయితే ఫిర్యాదులు ఆగిపోయాయి. దోషి ఎవరో తెలిశాక, చర్య కూడా తీసుకున్నాక ఇక ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? పరిశీలక సంఘం తన వార్షిక నివేదికలో, కళ ప్రజల్లోకి చేరిందని రాసింది. అది ఆ ఏడాది మా ఊళ్లో రాసిన నివేదికల్లో పూర్తిగా నిజమైన ఏకైక వాక్యం.

ప్ర్యాఖిన్ తిరిగి వచ్చింది ఇంకో జనవరిలో. గడ్డం పెరిగింది, వీపు వంగింది, డిపో వాళ్లిచ్చిన దూది కోటు వేసుకున్నాడు. జలుబు మాత్రం తగ్గింది. స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే కూరగాయల దుకాణం ముందు క్యూ కనిపించింది. జనవరిలో కీర దోసకాయలు అమ్ముతున్నారు. బొరొడాయెవ్ అద్దాల షెడ్డును నగరం ఆదర్శ క్షేత్రంగా గుర్తించి మూడింతలు పెంచింది.

క్యూ తిన్నగా లేదు. దుకాణం తలుపు దగ్గర మొదలై, రోడ్డు అవతలికి వంపు తిరిగి, నది వైపు పోయింది. మంచు నిలవని సన్నటి గీత మీద, ఒకరి వెనక ఒకరు, పిల్లుల్ని తొక్కకుండా నిలబడ్డారు జనం.

"ఆఖరున ఎవరు?" అని అడిగాడు.

"నేనే బాబూ. నా వెనక నిలబడు." గ్లాషా పిన్ని. అతన్ని ఎగాదిగా చూసింది, గుర్తుపట్టలేదు. "ఇటు జరుగు, ఇక్కడ కాళ్లకి వెచ్చగా ఉంటుంది."

జరిగాడు. నిజంగానే వెచ్చగా ఉంది. "ఇళ్లలో ఎలా ఉంది పిన్నీ?"

"ఎలా ఉంటుంది? పొద్దున లేచేసరికి చెంబులో నీళ్లు గడ్డకట్టి ఉంటున్నాయి. మనవరాలు టోపీ పెట్టుకుని పడుకుంటుంది. గొట్టం ముట్టుకుంటే శవాన్ని ముట్టుకున్నట్టుంది."

ప్ర్యాఖిన్ కిందికి చూశాడు. అతని బూట్ల మధ్య నారింజ రంగు పిల్లి ఒకటి బోర్లా పడుకుని నిద్రపోతోంది. డిపోలో ఇన్నాళ్లూ తనలో తాను చెప్పుకున్న మాట ఒకటుంది. ఈ ఊళ్లో అది అందరికీ తెలిసిన మాట. చెబితే పోయేదేముంది అనుకున్నాడు.

"మరి ఈ నేల కింద గొట్టం వేడిగానే ఉంది కదా పిన్నీ. ఇది ఎవరింటికి పోతుందో తెలియదా? ఆ బొరొడాయెవ్..."

ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

"నోరు జాగ్రత్త," అన్నాడు దుర్భిణి కేసు మెడలో వేసుకున్న ఒకాయన. "ఆ మహానుభావుడు మనకి చలికాలంలో పచ్చి కూర తినిపిస్తున్నాడు."

"ఎక్కడి నుంచి ఊడిపడ్డావు నువ్వు?" అందొకావిడ. "తేరగా దోసకాయలు తిందామని వచ్చి ఆయన్నే తిడతావా?"

"నేను తిట్టలేదమ్మా. వేడి ఎటు పోతోందని అడిగాను, అంతే. పిల్లుల వెంట నడిస్తే..."

"పిల్లులకేం తెలుసురా!" గ్లాషా పిన్ని గొంతు వణికింది. కోపంతోనో చలితోనో. "మూగజీవాల సాక్ష్యం తెస్తావా? ఊరంతా చూసిందే, నువ్వొక్కడివే చూడలేదా? నేను కోట్ల గదిలోంచి ముప్ఫైసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఏడ్చాను. ఇదిగో, ఇప్పుడు కూడా రాత్రిళ్లు వినిపిస్తుంది నాకు, ఆ రెక్క కొట్టుకోవడం."

"మేకులు కొట్టారు కదా ఆ కిటికీకి," అన్నాడతను నెమ్మదిగా.

"కొడితే ఏం? అలాంటివాడు ఊడదీసుకుంటాడు." ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, తెలియని పరదేశికి నిజం చెప్పేటప్పుడు ఉండే జాలితో మొహంలోకి చూసింది. "ఈ ఊళ్లో ఉండాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకో నాయనా, ఇంకెవర్నీ అనకు. పిల్లల్ని, ముసలివాళ్లని చలికి ఇలా చంపుతున్నది ఒక్కడే. వెనెడిక్ట్ సిసోయెవిచ్ ప్ర్యాఖిన్."